కోటు, కళ్ళద్దాలు, చేతి తొడుగులు

మా తమ్ముడి కూతురు కెమిస్ట్రీలో పిహెచ్‌డి చేస్తోంది. మా ఊరి నుంచి యూనివర్సిటీ పరిశోధనశాల దాకా వెళ్ళిన మొదటి మనిషి తనే. సీటు వచ్చిందని తెలిసినప్పుడు ఊళ్ళో ఎక్కువమంది అడిగింది ఒకటే మాట: "తెల్లకోటు ఇస్తారా?" మా పాడేరు కొండల్లో తెల్లకోటు అంటే డాక్టరుగారు. కోటు తొడుక్కున్న మనిషి ముందు మావాళ్ళు నిలబడే మాట్లాడతారు. మా పిల్ల కూడా కోటు వేసుకుంటుందంటే మా అమ్మకి ఎంత సంతోషమో చెప్పలేను.

కాని ల్యాబ్‌లో కోటు గౌరవం కోసం వేసుకునేది కాదు. ఒంటి మీద పడాల్సింది ముందు దాని మీద పడడానికి వేసుకునేది. పడిన వెంటనే విప్పి అవతల పారెయ్యడానికి వేసుకునేది. ఈ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. నేను డి.ఎడ్. చదివి ఇరవై ఏళ్ళుగా ఆశ్రమ పాఠశాలలో చిన్న తరగతులకి చెబుతున్న టీచర్ని. మేనకోడలు సెలవులకి వచ్చినప్పుడు అడిగి, ఫోన్లో అడిగి, తను చెప్పిన పేర్లు పట్టుకుని చదివి తెలుసుకున్నాను. మన పిల్లలు ఇప్పుడిప్పుడే యూనివర్సిటీ ల్యాబ్‌లకి వెళ్తున్నారు. వాళ్ళని పంపే అమ్మానాన్నలకి, చదువు చెప్పే మనకి ఈ సంగతులు తెలియాలని రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. ప్రమాదమైన పదార్థం ముట్టుకునే ముందు ఒంటిని కాపాడుకోవాలన్న తెలివి మనకి కొత్త కాదు. నల్లజీడి గింజలు ఏరడం మా అమ్మ దగ్గర చూసి నేర్చుకున్నాను. ముందు చేతులకి మోచేతి దాకా నూనె పట్టించేది. పని అయ్యేవరకు ఆ చెయ్యి మొహం మీదకి పోనిచ్చేది కాదు. చెమట తుడుచుకోవాలన్నా భుజంతోనే. చంటిపిల్లల్ని దగ్గరికి రానిచ్చేది కాదు. జీడి రసం తగిలితే ఒళ్ళు పొంగుతుంది, బొబ్బలెక్కుతుంది, మచ్చ మిగిలిపోతుంది. తేనె తియ్యడానికి వెళ్ళే మగవాళ్ళు తల నిండా గుడ్డ చుట్టుకుని, గొంగళి కప్పుకుని, పొగ పెట్టి గాని పట్టు దగ్గరికి పోయేవాళ్ళు కాదు. దూలగొండి కాయ ఉన్న పొద వైపు గాలివాటున నడవకూడదని ఐదేళ్ళ పిల్లకి కూడా తెలుసు. ఇవన్నీ ఎవరూ పుస్తకంలో రాయలేదు. కాని ముట్టుకోక ముందే చెప్పేవాళ్ళు. అది ముఖ్యం.

ల్యాబ్‌లో ఇబ్బంది ఎక్కడంటే, అక్కడి పదార్థాలు మనకి ముఖం తెలియనివి. నల్లజీడి రసం నల్లగా ఉండి తన సంగతి తనే చెబుతుంది. దూలగొండికి నూగు కనిపిస్తుంది. క్లోరోఫారం, హెక్సేన్, మిథనాల్ మూడూ నీళ్ళలాగే ఉంటాయి. కొన్నిటికి తియ్యటి వాసన కూడా ఉంటుంది. చూపుకి, ముక్కుకి అందని ప్రమాదం అది. అందుకే అక్కడ సీసా మీద రాసింది చదవాలి. ఆ మందుతో పాటు వచ్చే సేఫ్టీ డేటా షీట్ చదవాలి. ఆ కాగితాల్లో ఎనిమిదో భాగం ఏం తొడుక్కోవాలో చెబుతుంది. అడవిలో అమ్మ చెప్పే మాట, ల్యాబ్‌లో ఆ కాగితం చెబుతుందన్నమాట.

మా పిల్ల చేసే పని కూడా అడవి పనే. ఒక చెట్టు బెరడులో ఏ రసాయనం ఉందో వెతుకుతోంది. ఆ బెరడు మా అమ్మకి బాగా తెలుసు, నూరి పట్టు వేస్తుంది. మా అమ్మ దాన్ని ఒట్టి చేత్తో నూరుతుంది, ఏమీ కాదు. అదే బెరడుకి మనవరాలు చేతి తొడుగులు వేసుకుంటుంది. మా అమ్మకి ఇది నవ్వులాట. "మన చెట్టుకి భయపడుతున్నావేంటే?" అంటుంది. భయం చెట్టుది కాదు. బెరడు ఎండబెట్టి, పొడి కొట్టి, మిథనాల్లోనో హెక్సేన్‌లోనో నానబెట్టి, ఆ ద్రవాన్ని ఆవిరి చేసి, మిగిలిన జిగురుని సిలికా జెల్ నింపిన పొడుగాటి గాజు గొట్టంలో పోసి విడదీస్తారు. ఒక్కో మెట్టు దగ్గర ఒక్కో ప్రమాదం.

హెక్సేన్ ఆవిరి చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది. ఒంటి మీద పాలిస్టర్ చున్నీ, నైలాన్ డ్రెస్సు ఉంటే అవి కరిగి చర్మానికి అతుక్కుంటాయి. అందుకే నూలు బట్టలు, నూలు కోటు. చున్నీ, వదులు జుట్టు పనికిరావు. సిలికా జెల్ సన్నటి పొడి, పోసేటప్పుడు పొగలా లేస్తుంది, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దానికి ఎన్95 లాంటి మాస్కు కావాలి. కాని అదే మాస్కు క్లోరోఫారం ఆవిరిని ఆపదు. పొడిని ఆపే మాస్కు వేరు, ఆవిరి సంగతి వేరు. ఆవిరికి ఫ్యూమ్ హుడ్ కావాలి. గాలిని లోపలికి లాగి బయటికి పంపే గాజు తలుపు పెట్టె అది. మచ్చలు కనిపించడానికి ప్లేటు మీద సల్ఫ్యూరిక్ యాసిడ్ కలిపిన ద్రవం చల్లుతారు. అక్కడ కళ్ళద్దాలు తప్పనిసరి. చూపు కోసం పెట్టుకునే అద్దాలు చాలవు, పక్కల నుంచి కూడా మూసేవి కావాలి. కాళ్ళకి మూసి ఉన్న బూట్లు. మన పిల్లలు చెప్పులతోనే కాలేజీకి వెళ్ళడం అలవాటు. గాజు పగిలినా యాసిడ్ ఒలికినా ముందు పోయేది పాదమే.

చేతి తొడుగుల సంగతి ఇంకొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అన్నిటికన్నా ఎక్కువ మోసం అక్కడే జరుగుతుంది. తొడుగు వేసుకున్నాం కదా అని ధైర్యం వస్తుంది. కాని ఏ తొడుగూ అన్నిటినీ ఆపదు. నీలం రంగు నైట్రైల్ తొడుగు హెక్సేన్‌ని బాగానే ఆపుతుంది. క్లోరోఫారం దాన్ని చాలా త్వరగా దాటేస్తుంది. చుక్క పడగానే తీసి మార్చాలి, కడిగి వాడకూడదు. తొడుగు వేసుకున్న చేత్తో ఫోను, తలుపు గడియ, పెన్ను ముట్టుకుంటే ఆ మందు అక్కడ అంటుకుని, తొడుగు లేని ఇంకొకరి చేతికి చేరుతుంది. మా అమ్మ చెమట భుజంతో తుడుచుకున్నది ఎందుకో మా మేనకోడలికి ఇప్పుడు బాగా అర్థమైంది.

చదివినవాళ్ళకి, పెద్ద చోట్ల పనిచేసేవాళ్ళకి ఇలాంటివి జరగవని మనం అనుకుంటాం. జరిగాయి. అమెరికాలో డార్ట్‌మత్ కాలేజీలో కేరెన్ వెట్టర్‌హాన్ అనే ప్రొఫెసర్ ఉండేవారు. విష లోహాల మీదే ఆమె పరిశోధన. 1996 ఆగస్టులో డైమిథైల్ మెర్క్యురీ అనే పాదరసపు ద్రవంతో పనిచేస్తుంటే ఒకటి రెండు చుక్కలు చేతి తొడుగు మీద పడ్డాయి. ఆమె ఫ్యూమ్ హుడ్ దగ్గరే ఉన్నారు, రబ్బరు తొడుగు వేసుకునే ఉన్నారు. అప్పటికి తెలిసిన జాగ్రత్తలన్నీ తీసుకున్నారు. నెలల తర్వాత నడక తడబడింది, మాట తడబడింది. 1997 జూన్ 8న చనిపోయారు. వయసు 48. తర్వాత పరీక్ష చేసి చూస్తే ఆ ద్రవం అలాంటి తొడుగుని పదిహేను సెకన్లు కూడా పట్టకుండా దాటేస్తుందని తేలింది. ఆమె మరణం వల్లే ప్రపంచంలోని ల్యాబ్‌లు తొడుగుల గురించి మళ్ళీ ఆలోచించాయి. ఏ మందుకి ఏ తొడుగు అన్న ప్రశ్న అప్పటినుంచి గట్టిగా అడగడం మొదలైంది.

రెండో కథ చదివి నాకు రాత్రి నిద్ర పట్టలేదు. షెహర్‌బానో సాంగ్జీ, వయసు 23. లాస్ ఏంజిల్స్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ ల్యాబ్‌లో రీసెర్చ్ అసిస్టెంటుగా చేరి కొద్ది నెలలే అయింది. 2008 డిసెంబర్ 29, సెలవుల రోజులు. టెర్ట్-బ్యూటైల్ లిథియం అనే ద్రవం గాలి తగిలితే చాలు అంటుకుంటుంది. దాన్ని సిరంజితో తీస్తుంటే సిరంజి లోపలి కడ్డీ ఊడి వచ్చింది. మంట లేచింది. పక్కన ఉన్న హెక్సేన్ కూడా ఒలికింది. ఆ అమ్మాయి కోటు వేసుకోలేదు. ఒంటి మీద సింథటిక్ స్వెటర్ ఉంది. చేతికి పల్చటి నైట్రైల్ తొడుగులు ఉన్నాయి. దగ్గర్లోనే నీళ్ళ షవర్ ఉంది, కంగారులో ఎవరూ ఆమెని దాని కిందకి తీసుకుపోలేదు. 18 రోజులు బాధపడి 2009 జనవరి 16న చనిపోయింది. లా చదవాలనుకున్న పిల్ల ఆమె.

ఇక్కడ గమనించాల్సింది ఆ తర్వాత జరిగింది. ప్రమాదానికి రెండు నెలల ముందే యూనివర్సిటీ భద్రతా సిబ్బంది ఆ ల్యాబ్ చూసి, పనిచేసేవాళ్ళు కోట్లు వేసుకోవడం లేదని రాసి పెట్టారు. సరిదిద్దలేదు. అక్కడి కార్మిక భద్రతా శాఖ జరిమానా వేసింది. 2011లో ప్రొఫెసర్ మీద, యూనివర్సిటీ మీద క్రిమినల్ కేసు పెట్టారు. 2012లో యూనివర్సిటీ ఒప్పందానికి వచ్చి, ఆమె పేరుతో లా విద్యార్థులకి 5 లక్షల డాలర్ల స్కాలర్‌షిప్ పెట్టింది. "కోటు వేసుకోని పిల్లదే తప్పు" అని అక్కడితో వదిలెయ్యలేదు. కోటు ఇచ్చారా, శిక్షణ ఇచ్చారా, పక్కన ఎవరున్నారు అని అడిగారు. అలా అడగగలగడానికి ఒక కారణం ఉంది. ఆ అమ్మాయి జీతం తీసుకునే ఉద్యోగి. ఉద్యోగి కాబట్టి కార్మిక చట్టం ఆమె వెనక నిలబడింది. విద్యార్థి అయి ఉంటే ఆ చట్టం కిందకి వచ్చేది కాదు. మన పిల్లలందరూ విద్యార్థులు.

మూడోది చిన్నగా చెబుతాను. 2010 జనవరిలో టెక్సాస్ టెక్ యూనివర్సిటీలో ఒక విద్యార్థి పేలే గుణమున్న పదార్థాన్ని ల్యాబ్ పరిమితి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ తయారుచేశాడు. కళ్ళద్దాలు తీసేసి, మళ్ళీ ఒక్కసారి కలుపుదామని వెనక్కి వచ్చాడు. మూడు వేళ్ళు పోయాయి, కన్ను దెబ్బతింది. పని అయిపోయిందనుకున్న క్షణమే ప్రమాదమైన క్షణం. మన దేశంలో కూడా 2018 డిసెంబర్‌లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో పేలుడు జరిగి ఒక యువ పరిశోధకుడు ప్రాణం కోల్పోయాడు. అలాంటి పేలుడుని కోటు ఆపలేదు. అందుకే భద్రత తెలిసినవాళ్ళు తొడుగుల్ని ఆఖరి వరసలో పెడతారు. ముందు ప్రమాదమైన మందు లేకుండా పని జరుగుతుందా చూడాలి. తర్వాత తక్కువ ప్రమాదమైనది వాడొచ్చా చూడాలి. తర్వాత హుడ్, గార్డు, గాలి. తర్వాత పని చేసే పద్ధతి, వేళ. అవన్నీ అయ్యాక మనిషి ఒంటి మీద తొడుగు. ముందువన్నీ వదిలేసి పిల్లల చేతికి ఒక జత తొడుగులు ఇచ్చి జాగ్రత్త అనడం భద్రత అవదు.

మరి ఆ ఒక్క జతన్నా ఇస్తున్నారా?

పోయిన సంక్రాంతికి మేనకోడలు ఇంటికి వచ్చింది. రోట్లో పచ్చిమిరపకాయలు నూరుతూ చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకుంది. చూస్తే వేళ్ళ కణుపుల దగ్గర చర్మం పగిలి ఉంది. అడిగితే మెల్లగా చెప్పింది. వాళ్ళ డిపార్ట్‌మెంట్‌లో తొడుగుల డబ్బా బీరువాలో ఉంటుంది, వారానికి రెండు జతలు ఇస్తారు. వాటినే కడిగి ఆరబెట్టి వాడుతోంది. చిన్న సైజు రాదు, పెద్దవి వేళ్ళ చివర వేలాడి ఫ్లాస్కు జారిపోతుంది, అందుకని ఒక్కోసారి వేసుకోదు. కోటు గేటు బయట కొట్లో కొన్నది, సగం పాలిస్టర్. ఫెలోషిప్ నెలల తరబడి రాలేదు, మంచి కళ్ళద్దాలు కొనడం వాయిదా వేసింది. సారు చెడ్డవారేం కాదు. ముప్పై ఏళ్ళు ఒట్టి చేతులతో పనిచేసిన మనిషి. తొడుగు వేసుకుంటే చేతికి పని తెలియదని ఆయన నమ్మకం.

"మరి అడగలేదా?" అన్నాను.

"ఎలా అడగను అత్తా? ఇప్పటికే మమ్మల్ని కోటా వాళ్ళు అంటారు. తొడుగులు లేవని పని ఆపితే, పని చేతకాక సాకు చెబుతోంది అంటారు."

నాకు కోపం కంటే ముందు దిగులు వేసింది. నల్లజీడి ఏరడానికి మా అమ్మ ఎవరి అనుమతీ అడగలేదు. నూనె గిద్దెడు ఇంట్లో ఉండేది. చదువు పెరిగి, చోటు పెద్దదై, మన పిల్ల తన చర్మాన్ని కాపాడుకోవడానికి కూడా తన తెలివిని ముందు రుజువు చేసుకోవాల్సి వస్తోంది. కొత్తగా వచ్చిన వాళ్ళు అందరికన్నా ఎక్కువ అడగాలి. కాని అందరికన్నా తక్కువ అడుగుతారు. చిన్నతనం నుంచి హాస్టల్లో పెట్టింది తిని, ఇచ్చింది కట్టుకుని, అడగకపోవడమే మంచి పిల్లల లక్షణం అని మేమే నేర్పుతాం.

ఆ రెండు రోజులు కూర్చుని ఆలోచించాం. తనొక్కతే వెళ్ళి అడిగితే అది మనిషి మాట అవుతుంది. నలుగురు కలిసి కాగితం మీద రాసిస్తే అది పని మాట అవుతుంది. తిరిగి వెళ్ళాక ఇంకో ముగ్గురు స్కాలర్లతో కలిసి రాసింది. అందులో ఫిర్యాదు లేదు. నెలకి ఏ మందు ఎంత వాడుతున్నారు, డేటా షీట్ ప్రకారం దానికి ఏ తొడుగు, ఏ సైజు, ఎన్ని జతలు, ధర ఎంత. కింద నాలుగు సంతకాలు. ఆ ముగ్గురిలో ఇద్దరు మన ఏజెన్సీ పిల్లలు కాదు. వాళ్ళ చేతులూ పగిలే ఉన్నాయి, వాళ్ళూ ఎవరితో చెప్పలేదు.

రెండు నెలలకి నైట్రైల్ తొడుగుల డబ్బాలు వచ్చాయి. చిన్న సైజు కూడా వచ్చింది. బీరువా తాళం పోయి డబ్బా బల్ల మీదకి వచ్చింది. ఫ్యూమ్ హుడ్ ఫ్యాను బాగు చెయ్యలేదు. కోట్లు ఇవ్వలేదు. మా పిల్ల కోటు నేను కొన్నాను, నూటికి నూరు నూలుది, మోకాళ్ళ దాకా, చేతుల చివర బిగింపు ఉన్నది. ఇంటికి తెచ్చి మా బట్టల్లో కలిపి ఉతకొద్దని తనే షరతు పెట్టింది. ల్యాబ్ కోటు ల్యాబ్ గడప దాటకూడదు, క్యాంటీన్‌కి అసలే పోకూడదు.

తను చెప్పినవాటిలో ఇంకొకటి నా మనసులో ఉండిపోయింది. ఆ ల్యాబ్‌లో గాజు సామాను కడిగే మనిషి కాంట్రాక్టు మీద పనిచేస్తాడు. ఎవరు ఏ ఫ్లాస్కులో ఏం మిగిల్చారో ఆయనకి తెలియదు. ఆయనకి వారానికి రెండు జతలు కూడా లేవు. స్కాలర్లు రాసిన కాగితంలో ఆయన పేరు కూడా చేర్చమని చెప్పాను, చేర్చారు. 2010లో ఢిల్లీ యూనివర్సిటీ కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్ ఏళ్ళ తరబడి వాడని గామా యంత్రాన్ని వేలంలో పాత సామానుగా అమ్మేసింది. లోపల కోబాల్ట్-60 ఉంది. మాయాపురి పాత ఇనుము బజారులో దాన్ని ఒట్టి చేతులతో విప్పారు. చాలామంది ఆసుపత్రి పాలయ్యారు, ఒక కూలీ చనిపోయాడు. ఆయన ఏ ల్యాబ్‌లోనూ చదవలేదు. కోటు గురించి మాట్లాడేటప్పుడు కోటు ఎన్నడూ చేతికి రాని వాళ్ళని మరిచిపోతే మన మాట సగమే.

ఇక మన టీచర్ల పని. నా తరగతిలో ల్యాబ్ లేదు. కాని బడికి సున్నం వేసేటప్పుడు పిల్లలు చుట్టూ చేరతారు. రాతి సున్నం నీళ్ళలో ఉడుకుతుంటే చిట్లి కంట్లో పడితే కన్ను పోతుంది. ఇప్పుడు పిల్లల్ని గీత గీసి దూరంగా నిలబెడతాను, కలిపే మనిషికి కళ్ళద్దాలు, చేతులకి తొడుగులు, కాళ్ళకి బూట్లు ఇప్పించాను. ఎందుకో పిల్లల చేతే చెప్పిస్తాను. కంట్లో ఏదన్నా పడితే నలపకూడదు, పదిహేను నిమిషాలు ఆగకుండా నీళ్ళతో కడగాలని చేసి చూపిస్తాను. ఆ నిమిషాలు ఎంత పొడుగో గడియారం చూస్తూ నిలబడితే గాని తెలియదు. హైస్కూలు సారులకి ఒక మనవి. మీ ల్యాబ్ గదుల తాళం తియ్యండి. మన పిల్ల మొదటి కోటు ఇంటర్లోనో డిగ్రీలోనో కాకుండా ఎనిమిదో తరగతిలోనే తొడగాలి.

యూనివర్సిటీకి వెళ్ళే మన పిల్లలకి ఈ మాటలు చెప్పి పంపండి. మొదటి రోజు ల్యాబ్‌లో షవర్ ఎక్కడ, కళ్ళు కడిగే నల్లా ఎక్కడ, తలుపులు ఎన్ని, చూసుకోండి. సీసా తెరిచే ముందు కాగితం చదవండి. రాత్రి ఒంటరిగా ప్రమాదమైన పని చెయ్యకండి. తొడుగు సరిపోకపోతే సరిపోయింది అడగండి. నలుగురు కలిసి, కాగితం మీద, తారీకు వేసి అడగండి. సీనియర్ నవ్వితే నవ్వనివ్వండి. జవాబు రాకపోతే ఆ కాగితం నకలు దాచుకుని మళ్ళీ రాయండి. మిమ్మల్ని అక్కడికి పంపడానికి ఇంట్లో ఎన్ని సంతలకి ఎన్ని మూటలు మోశారో మీకు తెలుసు. మీ కళ్ళు, మీ చేతులు ఇంటికి తిరిగి రావాలి. మీ థీసిస్ ఆ తర్వాత.